డబ్బాలోకి పురుగు ఎలా వచ్చింది?

కొత్త బియ్యం తెచ్చారు. చెరిగి, రాళ్ళేరి, రేకు డబ్బాలో పోసి మూత గట్టిగా బిగించారు. నెలన్నర తర్వాత మూత తీస్తే ముక్కుపురుగులు బిలబిలమని పాకుతున్నాయి. చీమైనా దూరలేని ఆ డబ్బాలోకి అవి ఎలా దూరాయి?

దూరలేదు. బియ్యంతోబాటు మీరే పోశారు!

ఆడ ముక్కుపురుగు తన పొడవాటి ముక్కుతో గింజకు చిన్న గుంట తొలుస్తుంది. అందులో ఒక గుడ్డు పెట్టి, జిగురువంటి పదార్థంతో పూడ్చేస్తుంది. పైకి గింజ నిక్షేపంలా కనిపిస్తుంది. లోపల పురుగుపిల్ల పిండి తింటూ పెరిగి, సుమారు నెల రోజుల్లో రంధ్రం చేసుకొని బయటపడుతుంది. పెసలనూ అలసందలనూ పుచ్చు పట్టించే పురుగు పద్ధతి వేరు. అది గుడ్డును గింజపైనే అతికిస్తుంది. పుచ్చిన పెసలను వెలుతురులో చూడండి. తెల్లని చుక్కలు కనిపిస్తాయి. అవే దాని గుడ్ల పెంకులు.

కాబట్టి ధాన్యం దాచే పాత్ర బయటి శత్రువును ఆపితే చాలదు. లోపల ఉన్నవాడి సంగతీ చూడాలి.

ఇంకో చిక్కుంది. గింజకూ ప్రాణం ఉంది. అదీ ఊపిరి పీలుస్తుంది. ఆమ్లజని తీసుకొని బొగ్గుపులుసు వాయువును, నీటి ఆవిరిని, వేడిని విడుస్తుంది. తడి ఎక్కువైతే ఈ ఊపిరి వేగమవుతుంది. గోనె సంచిలోనైతే ఆ వేడి, ఆవిరి కొంతవరకు బయటికి పోతాయి. కాని ఆ దారినే వానాకాలపు చెమ్మ, పురుగు లోపలికి వస్తాయి. ఎలుకకు గోనె ఒక అడ్డే కాదు! సరిగా ఎండని ధాన్యాన్ని రేకు డబ్బాలో పోస్తే మరీ ముప్పు. రాత్రి చల్లదనానికి మూత లోపల ఆవిరి నీటిబొట్లుగా మారుతుంది. బూజు పడుతుంది. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. అన్నం ఉడికినా ఆ విషం పూర్తిగా పోదు.

బాగా ఎండిన ధాన్యానికి మాత్రం గాలి చొరని పాత్రే మేలు. మన మెట్ట పల్లెల్లో పూర్వం జొన్నలను పాతరలో పోసి పైన మట్టి కప్పేసేవారు. లోపలి గింజలూ పురుగులూ కలిసి ఉన్న ఆమ్లజనిని వాడేసేవి. ఆ తర్వాత పురుగుకు దిక్కులేదు. మనిషికీ అంతే! తెరిచిన వెంటనే పాతరలో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. అందుకే పెద్దలు ముందు దీపం దింపి చూసేవారు. దీపం ఆరితే దిగకూడదు. వెలిగినా ప్రమాదం లేదన్న హామీ లేదు.

గాలి లేక పురుగు ఊపిరాడక చస్తుందని మీరు అనుకోవచ్చు. శాస్త్రజ్ఞులూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 1987 నుంచి ఆఫ్రికాలోని కామెరూన్ రైతులకోసం, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంవారు అలసందలు దాచే సంచి మీద పనిచేశారు. బయట నేత సంచి, లోపల రెండు మందపాటి పాలిథిన్ సంచులు, అంతే. ఆ సంచిలో పురుగులు ఎలా చస్తున్నాయో పరీక్షించి 2012లో ప్రకటించిన సంగతి వింతైనది. అవి దాహంతో చస్తున్నాయి! ఎండిన గింజలో తాగడానికి నీరేదీ? పురుగు తాను తిన్న ఆహారాన్ని ఆమ్లజనితో మండించి, తనకు కావలసిన నీటిని ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. ఆమ్లజని తగ్గితే నీరు పుట్టదు. తిండి మధ్యలో కూర్చునే అది ఎండిపోతుంది.

డబ్బాను అంచుదాకా నింపాలనడంలో అర్థం ఇదే. సగం ఖాళీ డబ్బాలో పురుగుకు బోలెడు ఆమ్లజని మిగులుతుంది. రోజూ మూత తీసే డబ్బా సంగతి చెప్పనక్కర్లేదు. నెలకు సరిపడేది చిన్న డబ్బాలోకి తీసుకొని, పెద్దదాన్ని కదపకుండా ఉంచడం మంచిది.

ఇంతకీ ధాన్యం సరిగా ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇంట్లోనే చూడవచ్చు. పొడి గాజుసీసాలో మూడోవంతు వడ్లుగాని పెసలుగాని పోయండి. పెనం మీద వేయించి చల్లార్చిన ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి, మూతపెట్టి ఒక నిమిషం బాగా కుదపండి. పావుగంట కదల్చకండి. ఉప్పు సీసా గోడకు అంటుకోకపోతే దాచుకోవడానికి పనికివస్తాయి. అంటుకుందా, గింజల్లో నూటికి పదిహేను పాళ్ళకు మించి తేమ ఉందన్నమాట. వాటికి ఇంకో రెండెండలు కావాలి.