‘తాను’ ఎవరు? ‘అతడు’ ఎవరు?

వ్రాతలో తప్పనగానే మనవారికి మొదట స్ఫురించునది అక్షరదోషము. అరసున్న జారిపోయినను, శకటరేఫమునకు మారుగా సాధురేఫము పడినను సాధారణముగా అర్థమునకు పెద్ద ముప్పు రాదు. సర్వనామము తప్పినచో మనుష్యుడే మారిపోవును. క్రియకు కాలము తప్పినచో జరుగవలసినది జరిగినదై కూర్చుండును. ఈ తప్పులు చూచుటకు తప్పులవలె నుండవు. ఏ పదమున కా పదము శుద్ధముగనే యుండును. అపాయమంతయు అందే యున్నది.

‘సోమయ్య తాను పొలమమ్మెదనని రామయ్యతో చెప్పెను’ అన్నచో అమ్మువాడు సోమయ్య. ‘సోమయ్య అతడు పొలమమ్మునని రామయ్యతో చెప్పెను’ అన్నచో అమ్మువాడు వేరొకడు. ‘తాను’ అను మాట చెప్పినవానినే అంటిపెట్టుకొని యుండును. అతని నోటి క్రియ ఉత్తమపురుషలోనే నిలుచును. ‘నేను’ మాత్రము ‘తాను’ అగును. ఆంగ్లమున ఈ సౌకర్యము లేదు. అచట ‘హీ’ అను నొక్కమాటయే ఇరువురకును చాలవలెను. చెప్పుట గతించినదైనచో లోపలి క్రియయు సాధారణముగా వెనుకకు జరుగును. ఆంగ్లపు వార్తను తొందరలో తెనిగించువారు ‘తాను వస్తాడని చెప్పాడు’ అని వ్రాయుట కద్దు. ‘తాను’ ఒకని చూపుచుండగా ‘వస్తాడు’ మరియొకని చూపును. మన భాష ఉచితముగా ఇచ్చిన స్పష్టతను మనమే పోగొట్టుకొనుట యిది.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. ఒక వాఙ్మూలమున ఇట్లున్న దనుకొందము: ‘సోమయ్యయు రామయ్యయు గట్టునొద్ద తగవులాడిరి. అతడు కఱ్ఱ యెత్తెను. అతడు క్రింద పడెను. అతని అన్న వచ్చి అతనిని లేవనెత్తెను.’ కఱ్ఱ యెత్తిన దెవరు? పడిన దెవరు? వచ్చినవాడు ఎవరి అన్న? వ్రాసినవానికి అంతయు కన్నులకు కట్టినట్లుండును. చదువువానికి కఱ్ఱ తప్ప మఱేమియు కనబడదు. ఇట్టి తావున పేరునే మరల వ్రాయవలెను. పునరుక్తి దోషమని చిన్ననాడు నేర్చితిమి గాని, ఆ నియమము కావ్యశోభకు సంబంధించినది. న్యాయస్థానమున పేరు పదిసార్లు వచ్చినను దోషము లేదు, నిరపరాధి దోషి కాకున్న చాలును.

తెలుగున మరియొక విశేషము కలదు. ‘సీత వచ్చినది’, ‘ఆవు వచ్చినది’ — ఏకవచనమున క్రియ రెంటికి నొక్కటే. బహువచనమున మాత్రము ‘స్త్రీలు వచ్చిరి’, ‘ఆవులు వచ్చినవి’ అని వేరగును. కావున ఏకవచనమున స్త్రీ గౌరవము నిలుపు భారమంతయు సర్వనామముపై పడును. ఒకే వృత్తాంతమున అధికారిని ‘వారు’ అనియు, ఆయన యెదుట నిలిచిన కూలి స్త్రీని ‘అది’ అనియు వ్రాసినచో వ్యాకరణము అడ్డు చెప్పదు. కాని తీర్పు మాత్రము అప్పుడే వెలువడినట్లే. ఒక్క మనుష్యునే మొదట ‘ఆయన’, నడుమ ‘అతడు’, తుదకు ‘వాడు’ అనినను అంతే. గౌరవము తగ్గించుటకు కారణమున్నచో దానిని చెప్పి తగ్గింపవలెను, పరాకున తగ్గింపరాదు.

ఇక కాలము. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణము వర్తమాన భూత భవిష్యత్తులతో పాటు తద్ధర్మమును గూడ చెప్పినది. ‘సూర్యుడు తూర్పున నుదయించును’ అన్నప్పుడు అది ఒకనాటి మాట కాదు, సూర్యుని స్వభావము. ఈ రూపమే వాడుకలో భవిష్యత్తునకును చెల్లుచున్నది. ‘రైతు విత్తనములు చల్లెను. వాన కురియును. పంట యింటికి వచ్చెను’ అని వ్రాసినచో నడుమ వాక్యము ఆశయో, అలవాటో, జరిగిన సంగతియో తెలియదు. కథకుడు గతమును చెప్పుచు, పాఠకుని ఆ తావునకే కొనిపోదలచి, ‘రాజు లేచును, కత్తి దూయును’ అనుట కలదు. అది తెలిసి చేసిన మార్పు. దానికి మొదలును తుదియు నుండును. తెలియక చేసిన మార్పునకు రెండును ఉండవు.

‘పంచాయతీవారు బావి త్రవ్వింతురు’, ‘పంచాయతీవారు బావి త్రవ్వించిరి’ — తేడా క్రియ తుదనున్న ప్రత్యయమునందే కలదు. మొదటిది వాగ్దానము. రెండవది లెక్కకు నిలువవలసిన మాట. ఏడాది చివర వ్రాయు నివేదికలో మొదటిదానికి మారుగా రెండవది పడినచో, కాగితముపై నీరూరును గాని కడవ నిండదు.

వ్రాయువారు చేయవలసినది స్వల్పమే. వ్రాసి ముగించిన పిదప ఒకమారు ప్రతి సర్వనామము నొద్ద ఆగి ‘ఎవరు?’ అనియు, ప్రతి క్రియ నొద్ద ఆగి ‘ఎప్పుడు?’ అనియు అడుగవలెను. ప్రత్యుత్తరము వెంటనే రానిచోట వాక్యమును మార్చవలెను. మన ప్రక్కన కూర్చుండి అడుగుటకు పాఠకునికి వీలులేదు గదా. అతని పక్షమున ఆ రెండు ప్రశ్నలును మనమే వేసికొనవలెను.