మట్టి లేకుండా ఆర్కిడ్ ఎలా బతుకుతుంది?

శ్రీకాకుళం, విజయనగరం వైపు మామిడి తోటల్లో తలెత్తి చూస్తే, లావుపాటి తెల్లని వేళ్లతో కొమ్మను పట్టుకున్న మొక్క అక్కడక్కడా కనిపిస్తుంది. ఇదీ ఒక ఆర్కిడే; కనపబదనిక అంటారు, శాస్త్రీయ నామం వాండా టెస్సెల్లేటా. సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కలపై 1795లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని బొమ్మతో సహా వర్ణించాడు. మన ఎండకూ ఉక్కకూ తట్టుకుని ఇది పూస్తూనే ఉంది. మరి ఇంటికి తెచ్చిన ఆర్కిడ్ కుండీలో ఎందుకు చనిపోతుంది?

ఆర్కిడ్ చెట్టు రసం పీలుస్తుందా?

పీల్చదు. మామిడి కొమ్మలోకి వేరు దించి పీల్చే బదనిక వేరు, ఇది వేరు. ఆర్కిడ్‌కు చెట్టు నిలబడే చోటు మాత్రమే. వాననీరు, మంచు, బెరడు మీద పేరుకున్న చెత్తలోని సారం దానికి చాలు. అందుకే ఎండిన చెక్క మీదా బతుకుతుంది.

మట్టిలో ఎందుకు కుళ్లుతుంది?

వేరు చుట్టూ వెలామెన్ అనే పొర ఉంటుంది. అది నిర్జీవ కణాలతో ఏర్పడి, స్పాంజిలా నీటిని పట్టుకుంటుంది. ఆరినప్పుడు ఆ కణాల్లో గాలి నిండి వేరు తెల్లగా కనిపిస్తుంది; తడిస్తే లోపలి పచ్చదనం బయటపడుతుంది. మట్టిలో పాతితే ఈ పొర ఆరదు. గాలి అందక వేరు మెత్తబడి కుళ్లిపోతుంది. అందుకే మట్టి బదులు చెక్కకు కట్టాలి.

చెక్కకు ఎలా కట్టాలి?

బెరడు ఊడని మామిడి కొమ్మ ముక్క తీసుకోండి. కొబ్బరి డొక్కలైనా సరే, ఉద్దానం వైపు వాటికి కొదవ లేదు. వాటిని వాడితే కొన్నాళ్లు నీళ్లు మారుస్తూ నానబెట్టి, ఉప్పు, కసరు పోయాక వాడండి. వాండాకు ఒట్టి చెక్క చాలు. ఫెలెనాప్సిస్ అనే మరో ఆర్కిడ్‌కైతే వేళ్ల కింద కాస్త కొబ్బరి పీచు పెట్టి, ఆకుల మొదట్లో నీరు నిలవకుండా మొక్కను కిందికి వంచి కట్టండి. గేలం దారంతో కదలకుండా బిగించండి. రాగి తీగ వద్దు, వేళ్లకు హాని. చెక్కను తూర్పు వరండాలో వేలాడదీయండి. వాండాకు ఉదయపు ఎండ కావాలి, ఫెలెనాప్సిస్‌కు నీడ.

నీళ్లు ఎప్పుడు పోయాలి?

గడియారం కాదు, వేరు చూడండి. పూర్తిగా తెల్లబడితే పచ్చబడేదాకా తడపండి. మే నెల పడమటి గాలికి రోజుకు రెండుసార్లు కావాల్సి రావచ్చు. చీకటి పడేలోగా ఆకులు ఆరిపోవాలి. వానాకాలంలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి తగ్గించండి. బోరునీటి ఉప్పు వేళ్ల మీద తెల్లగా పేరుకుంటుంది, వాననీరు పట్టి ఉంచుకుంటే మేలు. మొక్క పెరిగే కాలంలో వారానికోసారి, వేళ్లు తడిపాక, లీటరు నీటికి అర గ్రాము 19:19:19 ఎరువు కలిపి చల్లండి.

తుపాను వస్తే?

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి చెట్లను ఎలా పడగొట్టిందో మనకు తెలుసు. చెక్కకు కట్టిన మొక్కైతే హెచ్చరిక రాగానే మేకు నుంచి తీసి ఇంట్లో పెట్టుకోవచ్చు.

మొక్క ఎక్కడి నుంచి తేవాలి?

నర్సరీలో పెంచినదే కొనండి. కొండల్లో కొమ్మ మీదున్నదాన్ని పీకితే వేళ్లు తెగుతాయి, మొక్క చాలావరకు దక్కదు. పైగా ఆర్కిడ్ గింజలో నిల్వ తిండి ఉండదు. ప్రకృతిలో తగిన శిలీంధ్రం తోడైతేనే మొలుస్తుంది. అడవిలో ఒక మొక్క పోతే ఆ చోటు నిండడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఆ కొమ్మ మీది పువ్వును అక్కడే చూద్దాం.