చాద్ సరస్సు: ఉమ్మడి నీటిలో ఎవరి హక్కు ఎంత?

నీటితో జీవరాశికి ప్రాణం పోసిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన ప్రవక్త (సఅసం)పై శుభాలు, శాంతి వర్షించుగాక.

ఈ జుమా ప్రసంగాన్ని మదీనాలోని ఒక పంట కాలువ తగాదాతో ప్రారంభిద్దాం. హర్రా అనే రాతినేల మీదుగా పారే కాలువ నీటితో అక్కడివారు ఖర్జూర తోటలు తడుపుకునేవారు. హజ్రత్ జుబైర్ (రజి) తోట ఎగువన, ఒక అన్సారీ తోట దిగువన ఉండేవి. నీటిని ఆపవద్దని అన్సారీ కోరాడు, జుబైర్ ఒప్పుకోలేదు. వ్యాజ్యం దైవప్రవక్త (సఅసం) సన్నిధికి చేరింది. తోట తడుపుకొని, ఆపై పొరుగువానికి నీరు వదలమని ఆయన జుబైర్‌కు చెప్పారు. మేనత్త కొడుకు గనుకనే ఇలా తీర్పు చెప్పారని అన్సారీ నిష్ఠూరమాడాడు. దైవప్రవక్త ముఖవర్ణం మారిపోయింది. అప్పుడాయన, చెట్ల పాదుల గట్టు అందేదాకా నీరు నిలిపి ఆ తరువాతే వదలమని జుబైర్‌కు అతని పూర్తి హక్కు ఇప్పించారు.

మొదటి మాట ఇరువురి మేలు కోరిన సర్దుబాటు అనీ, రెండవది నిక్కమైన హక్కు అనీ ధర్మవేత్తలు వివరించారు. మనం తరచూ గమనించని సంగతి ఒకటుంది. ఆ పూర్తి హక్కుకు కూడా ఒక గట్టు ఉన్నది. నీరు గట్టును తాకిన తరువాత ఎగువవాడు దానిని ఆపుకోరాదు. దాహం తీర్చుకునే హక్కు మనుషులకూ పశువులకూ సమానమని, పొలం తడుపుకునే హక్కుకు మాత్రం పొరుగువారికి హాని కలుగరాదన్న హద్దు ఉన్నదని ఫిఖ్‌హ్ గ్రంథాలు ఈ రెండింటినీ వేరు చేసి చెప్పాయి.

ఒక తోటకూ మరొక తోటకూ మధ్య చెల్లిన ఈ న్యాయం ఒక దేశానికీ మరొక దేశానికీ మధ్య ఎలా చెల్లుతుంది? ఆఫ్రికాలోని చాద్ సరస్సును చూద్దాం. దాని తీరాన వెలసిన కానెమ్ రాజ్యపు పాలకులు 11వ శతాబ్దంలోనే ఇస్లాం స్వీకరించారు. నేటికీ ఆ తీరవాసులలో ముస్లింలే అధికం. చాద్, కామెరూన్, నైజర్, నైజీరియా దేశాల సరిహద్దులు ఆ నీటి నడుమనే కలుస్తాయి. సముద్రానికి పోయే దారి లేకున్నా అది మంచినీటి సరస్సే. లవణాలు నీటితోపాటు భూగర్భంలోకి ఇంకిపోవడం అందుకొక కారణం. సృష్టికర్త ఏర్పాటు ఎంత సూక్ష్మమో!

1960లలో ఆ సరస్సు దాదాపు 25 వేల చదరపు కిలోమీటర్లు విస్తరించి ఉండేది. 1980ల నడిమికి అందులో పదవ వంతు కూడా మిగలలేదు. 1970లలోనూ 1980లలోనూ వచ్చిన ఘోరమైన అనావృష్టి దానికి ప్రధాన కారణం. సేద్యానికి తోడిన నీరూ తోడయింది, కాని నేరమంతా తోడినవారిదేనని చెప్పడం న్యాయం కాదు. నైజీరియా 67 వేల హెక్టార్లకు నీరందించాలని తీరాన ఒక పెద్ద పథకం తలపెట్టింది. సరస్సు వెనక్కి జరగడంతో కాలువ మొదలే ఎండిపోయింది. వానలు మెరుగుపడ్డాక నీరు కొంత తిరిగి వచ్చింది.

నీరు జరిగినకొద్దీ మనుషులూ దాని వెంట నడిచారు. నైజీరియా జాలరులు, రైతులు కామెరూన్ నేలపై దారక్ వంటి ఊళ్లు కట్టుకున్నారు. వివాదం అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2002లో తీర్పు కామెరూన్ పక్షాన వచ్చింది. నైజీరియా ఆ ఊళ్లను అప్పగించింది.

అయితే ఆ దేశాలు కరువుకు ముందే ఒక మంచి పని చేశాయి. 1964 మే నెలలో నాలుగు దేశాలు ఒప్పందం చేసుకొని చాద్ సరస్సు పరీవాహక సంఘాన్ని నెలకొల్పాయి. నీటి ప్రవాహాన్ని గణనీయంగా మార్చే ఏ పనినీ సంఘాన్ని ముందుగా సంప్రదించక చేపట్టరాదన్నది దాని నియమాలలో ముఖ్యమైనది. సరస్సుకు వచ్చే నీటిలో అత్యధిక భాగం షారీ, లోగోన్ నదులదే. షారీ పుట్టిన మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ కూడా తరువాత సంఘంలో చేరింది. ఎగువవాడు లేని ఒప్పందం సగం ఒప్పందమే కదా! 2012లో దేశాధినేతలు ఒక జల శాసనపత్రాన్ని ఆమోదించారు. ముందస్తు సమాచారంతోపాటు, నదులలో ఉండవలసిన కనీస ప్రవాహాన్ని గురించిన నియమాలు కూడా అందులో చేరాయి. మనం పైన చెప్పుకున్న గట్టు ఇదే.

కాగితంపై ఉన్న గట్టు నేలపైకి రావడం కష్టం. సంప్రదింపు జరగాలంటే ప్రవాహాన్ని కొలిచే కేంద్రాలు పనిచేయాలి, ఆ లెక్కలను పొరుగు దేశం నమ్మాలి. 2009 తరువాత సాయుధ హింస ఆ ప్రాంతాన్ని కమ్ముకోవడంతో ఇవి రెండూ కఠినమయ్యాయి.

చిన్న నది కొమడుగు యోబేను చూస్తే సంగతి స్పష్టమవుతుంది. దాని ఎగువన నైజీరియాలోని కానో ప్రాంతంలో 1974లో తిగా, 1992లో చల్లావా జలాశయాలు నిర్మించారు. దిగువన అదే నది కొంత దూరం నైజర్‌కూ నైజీరియాకూ సరిహద్దుగా పారుతుంది. అక్కడ నైజర్ ఒడ్డున డిఫా అనే పట్టణం ఉన్నది, ఎర్ర మిరపకు పేరుగాంచినది. ఆ మిరప రైతు తిగా తూము తెరిచేవానిని ఎన్నడూ చూసి ఉండడు. వారిద్దరి మధ్య కొన్ని వందల కిలోమీటర్ల దూరమూ, ఒక దేశపు సరిహద్దూ, 1964 నాటి ఆ మాటా ఉన్నాయి.