బంకు బోర్డు మీది అంకె

కాకినాడ నుంచి దక్షిణంగా సుమారు ముప్ఫై కిలోమీటర్లు వెళితే యానాం వస్తుంది. దారి పొడవునా అవే వరిచేలు, అవే కొబ్బరి తోపులు, అదే తెలుగు. ఊరు మారినట్టు, ప్రభుత్వం మారినట్టు కంటికి తెలిసేది పెట్రోలు బంకు దగ్గరే. అక్కడి బోర్డు మీద ఉండే ధర కాకినాడ ధర కంటే బాగా తక్కువ. 2025లో ఈ తేడా లీటరుకు పది రూపాయలకు పైనే ఉంది. అందుకే వంతెన దాటి అమలాపురం వైపు నుంచి వచ్చే లారీలు, కాకినాడ వైపు నుంచి వచ్చే మోటారు సైకిళ్లు యానాం బంకుల ముందు ఆగుతాయి.

యానాం ఒకప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. 1954లో అది భారతదేశంలో కలిసింది. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా, పరిపాలన మాత్రం ఎంతో దూరాన ఉన్న పుదుచ్చేరిది. ఈ సరిహద్దు గీతను వెతుక్కుంటూ జనం రావడం కొత్తేమీ కాదు. 1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం వచ్చినప్పుడు, అది చెల్లని యానాంకు వచ్చి బాల్యవివాహాలు జరిపించుకుపోయేవారు. ఊరికి కల్యాణపురమనే పేరు కూడా వచ్చింది. ఇప్పుడు పెట్రోలు కోసం వస్తున్నారు. ఒకే సరుకుకు ఇంత దగ్గరలో రెండు ధరలు ఎందుకున్నాయో తెలుసుకోవాలంటే బోర్డు మీది అంకెను విడదీసి చూడాలి.

పెట్రోలు, డీజిలు ముడిచమురు నుంచి వస్తాయి. మన దేశానికి కావలసిన ముడిచమురులో నూటికి ఎనభై ఐదు పాళ్లకు పైగా విదేశాల నుంచే దిగుమతి అవుతోంది. దానిని పీపాల లెక్కన, డాలర్లలో కొంటారు. ఒక పీపా అంటే సుమారు 159 లీటర్లు. కాబట్టి ప్రపంచ విపణిలో చమురు ధర పెరిగినా, డాలరుతో పోలిస్తే రూపాయి విలువ తగ్గినా మనకు ఖర్చు పెరుగుతుంది. ఇలా వచ్చిన చమురును విశాఖపట్నం, చెన్నై, మంగళూరు, ముంబయి, పారాదీప్ వంటి చోట్ల ఉన్న శుద్ధి కర్మాగారాలలో వేరుచేస్తారు. అక్కడి నుంచి అది గొట్టాల ద్వారానో, రైలు వ్యాగన్లలోనో పెద్ద నిలువ కేంద్రాలకు చేరుతుంది. ఆ తరవాత టాంకరు లారీలలో బంకుకు వస్తుంది.

చమురు కంపెనీలు బంకు యజమాని దగ్గర వసూలు చేసేది మూలధర. దీనిలో రవాణా ఖర్చు కూడా ఉంటుంది. దానిమీద కేంద్ర ప్రభుత్వం ఎక్సైజు సుంకం వేస్తుంది. ఇది దేశమంతటా ఒకటే. కన్యాకుమారిలో ఎంతో కాశ్మీరులోనూ అంతే. దానికి బంకు యజమాని కమీషను కలుస్తుంది. ఈ మొత్తం మీద రాష్ట్ర ప్రభుత్వం తన అమ్మకపు పన్ను వేస్తుంది. దీనినే వ్యాట్ అంటారు. ధరలో పెద్ద తేడా వచ్చేది ఇక్కడే.

లెక్క సులభంగా ఉండటానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. మూలధర, ఎక్సైజు సుంకం, కమీషను అన్నీ కలిపి లీటరు పెట్రోలు 80 రూపాయలు అయిందనుకుందాం. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం. అంటే 24 రూపాయల 80 పైసలు. దానిపైన లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, 1 రూపాయి రోడ్ల అభివృద్ధి సెస్సు ఉన్నాయి. మొత్తం 109 రూపాయల 80 పైసలు. అదే ఏడాది యానాంలో వ్యాట్ 18 శాతానికి కొంచెం తక్కువ. 18 శాతమే అనుకున్నా పన్ను 14 రూపాయల 40 పైసలు. ధర 94 రూపాయల 40 పైసలు. నిజమైన బోర్డుల మీద మూలధర, రవాణా ఖర్చు కొంత వేరుగా ఉండటంవల్ల తేడా ఇంతకంటే తక్కువగా కనిపిస్తుంది. కాని తేడాకు కారణం మాత్రం ఇదే.

ఈ లెక్కలో గమనించవలసింది మరొకటి ఉంది. రాష్ట్ర పన్ను శాతాలలో ఉంటుంది కాబట్టి కింది అంకె పెరిగితే పన్ను కూడా పెరుగుతుంది. కేంద్రం సుంకాన్ని 2 రూపాయలు పెంచి, ఆ పెంపును బంకు ధరలో కలిపితే, 31 శాతం చొప్పున రాష్ట్రానికి మరో 62 పైసలు వస్తాయి. కొనేవాడు ఇచ్చేది 2 రూపాయలు కాదు, 2 రూపాయల 62 పైసలు. పన్ను మీద పన్ను అంటే ఇదే.

2017 జులై 1న వస్తు సేవల పన్ను వచ్చినప్పుడు చాలా సరుకులకు దేశమంతటా ఒకే పన్ను ఏర్పడింది. బిస్కట్ల పొట్లానికి బళ్లారిలోను, బరంపురంలోను పన్ను ఒకటే. కాని ముడిచమురు, పెట్రోలు, డీజిలు, సహజవాయువు, విమాన ఇంధనం ఈ అయిదింటినీ అప్పుడు ఆ పన్ను కిందికి తీసుకురాలేదు. రాష్ట్రాలు తమంతట తాము పెంచుకోగల పన్నులు మిగిలినవే కొద్ది. పెట్రోలు, డీజిలు మీద వచ్చే రాబడి వాటిలో ముఖ్యమైనది. బడులకు, ఆసుపత్రులకు, జీతాలకు, పింఛన్లకు ఖర్చుపెట్టే సొమ్ములో అదీ ఒక భాగం. అందువల్ల ఏ రాష్ట్రమూ దానిని సులభంగా వదులుకోదు.

2021 నవంబరులో కేంద్రం ఎక్సైజు సుంకాన్ని పెట్రోలుపై 5 రూపాయలు, డీజిలుపై 10 రూపాయలు తగ్గించింది. అప్పుడు పుదుచ్చేరి, కర్ణాటక ప్రభుత్వాలు తమ పన్నును కూడా తగ్గించాయి. ఆంధ్రప్రదేశ్ తగ్గించలేదు. సరిహద్దుకు ఇరువైపులా తేడా ఇంకా పెరిగింది. తరవాత కర్ణాటక 2024 జూన్‌లో పెట్రోలు, డీజిలు రెండింటి మీద, 2025 ఏప్రిల్‌లో డీజిలు మీద పన్ను పెంచింది. అయినా అక్కడి డీజిలు ఆంధ్ర డీజిలు కంటే తక్కువగానే ఉంది. పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లే లారీ డ్రైవరు సరిహద్దు దాటేదాకా టాంకు నింపడు. ఇలాంటప్పుడు ఎక్కువ పన్ను వేసిన రాష్ట్రానికి ఆ పన్నూ రాదు, సరిహద్దుకు ఇవతల ఉన్న బంకుకు బేరమూ ఉండదు.

ఒకే ప్రభుత్వం కింద కూడా ధరలు ఒకేలా ఉండవు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం నాలుగూ ఒకే పాలనలో ఉన్నా వాటి వ్యాట్ శాతాలు వేరు. కేరళ మధ్యలో ఉన్న మాహేలో అది అన్నిటికంటే తక్కువ. మహారాష్ట్రలో 2024 జూన్ వరకు ముంబయి, ఠాణే, నవీ ముంబయి నగరాలలో డీజిలు మీద 24 శాతం, మిగిలిన రాష్ట్రంలో 21 శాతం పన్ను ఉండేది. కాబట్టి ముంబయిలోని తెలుగు టాక్సీ డ్రైవరు, షోలాపూర్‌లోని తెలుగు నేత కార్మికుడు ఒకే రాష్ట్రంలో ఉంటూ వేర్వేరు పన్నులు కట్టారు. పన్ను ఒకటే అయినచోట దూరం తేడా తెస్తుంది. ఒడిశాలోని మల్కాన్‌గిరికి రైలు లేదు. టాంకర్లు ఘాట్ రోడ్లు ఎక్కి దిగి రావాలి. ఆ రాష్ట్రంలో పెట్రోలు ధర ఎక్కువగా ఉండే చోట్లలో మల్కాన్‌గిరి ముందుంటుంది. రాబడి తక్కువ ఉన్న గిరిజన ప్రాంతంలోనే లీటరుకు ఎక్కువ చెల్లించవలసి రావడం విచారకరమైన విషయం.

ఇక తక్కువ ధర కోసం సరిహద్దు దాటడం లాభమేనా? లీటరుకు 12 రూపాయల తేడా ఉందనుకుందాం. కాకినాడ నుంచి ఒకరు మోటారు సైకిలు మీద యానాం వెళ్లి 5 లీటర్లు పోయించుకుంటే 60 రూపాయలు మిగులుతాయి. రానుపోను 60 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లు నడిచే బండి అయితే 1.2 లీటర్లు ఖర్చు. దాని ధర నూరు రూపాయల పైమాటే. మిగిలింది కంటే పోయిందే ఎక్కువ. నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె నుంచి వచ్చేవారికి మాత్రం నలభై రూపాయలదాకా నిజంగానే మిగులుతుంది. ఎలాగూ ఆ దారినే పోతూ 200 లీటర్ల డీజిలు నింపుకొనే లారీకి, లీటరుకు 10 రూపాయల తేడా అయినా రెండు వేలు కలిసివస్తాయి.

డీజిలు ధర పెరిగితే అన్నీ పెరుగుతాయని అంగళ్లలో తరచుగా వినిపిస్తుంది. ఈ మాట ఎంతవరకు నిజమో కూడా లెక్కవేసి చూడవచ్చు. మదనపల్లె నుంచి చెన్నైకి పది టన్నుల టమాటాలతో ఒక లారీ వెళుతుందనుకుందాం. రానుపోను సుమారు 500 కిలోమీటర్లు. లీటరుకు 4 కిలోమీటర్ల చొప్పున 125 లీటర్ల డీజిలు కావాలి. డీజిలు 5 రూపాయలు పెరిగితే ఆ ప్రయాణానికి 625 రూపాయలు అదనం. పది వేల కిలోల మీద పంచితే కిలోకు ఆరు పైసలకు కొంచెం ఎక్కువ. ఒక్క నెలలో టమాటా ధర కిలో 20 రూపాయల నుంచి 80 రూపాయలకు ఎగబాకితే, అందుకు వానలో, తెగులో, తక్కువ దిగుబడో కారణం కావాలి. దానికి డీజిలును తప్పుపట్టడం సరికాదు.

పెద్ద బండిలో పంచుకున్న భారం పైసలలో ఉంటే, చిన్న బండిలో అది రూపాయలలో ఉంటుంది. మోపెడ్ మీద బుట్టలు కట్టుకొని ఊరూరా కూరగాయలు అమ్మే మనిషికి రోజుకు లీటరున్నర పెట్రోలు కావాలి. 12 రూపాయల తేడా అంటే అతనికి రోజుకు 18 రూపాయలు. నెలలో ఇరవై అయిదు రోజులు తిరిగితే 450. గంటకు అయిదు లీటర్లు తాగే ట్రాక్టరుతో దున్నించే రైతుకు లీటరుకు 10 రూపాయలు పెరిగితే గంటకు 50 రూపాయలు ఎక్కువ. మరపడవకు ఒక్క వేటకే వందల లీటర్లు కావాలి. వల ఖాళీగా వచ్చినా డీజిలు డబ్బు తిరిగిరాదు. అందుకే తీర రాష్ట్రాలు మత్స్యకారులకు రాయితీ ఇస్తాయి. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో ఈ రాయితీని లీటరుకు 6 రూపాయల 3 పైసల నుంచి 9 రూపాయలకు పెంచింది.

షేరు ఆటో సంగతి వేరు. రోజుకు నాలుగు లీటర్లు తాగే ఆటోకు ఇంధనం లీటరుకు 10 రూపాయలు పెరిగితే రోజుకు 40 రూపాయలు అదనం. రోజుకు అరవై మంది ఎక్కుతారనుకుంటే మనిషికి 67 పైసలు పెంచితే చాలు. కాని 67 పైసలు ఎవరి దగ్గరా ఉండవు. చిల్లర దొరకదు కాబట్టి కిరాయి పెంచితే ఒకేసారి 5 రూపాయలు పెంచాలి. పెంచనంతకాలం ఆ నలభై రూపాయలు ఆటో నడిపే అతని ఇంటి ఖర్చులో కోతపడతాయి. పెంచిననాటి నుంచి, అసలు పెరిగిన ఖర్చుకు ఏడు రెట్లకు పైగా ప్రయాణికుడు చెల్లిస్తాడు. రోజూ పనికి ఆటోలో వెళ్లి వచ్చే కూలీకి అది రోజుకు 10 రూపాయలు, నెలకు 250.

బస్సుల విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. 2022 మార్చిలో టోకున కొనేవారికి డీజిలు ధర లీటరుకు సుమారు 25 రూపాయలు పెరిగింది. బంకులలో చిల్లర ధర మాత్రం అప్పటికి కదలలేదు. సొంత డిపోలలో డీజిలు నింపుకొనే ఆర్టీసీ బస్సులు మామూలు బంకుల ముందు బారులు తీరాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులలో టికెట్టుకు 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో 5 రూపాయలు డీజిలు సెస్సు వేసింది. మే 22న కేంద్రం డీజిలుపై సుంకాన్ని 6 రూపాయలు తగ్గించింది. జులై 1న బస్సు సెస్సు మళ్లీ పెరిగింది.

2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజూ ఉదయం ఆరు గంటలకు ధర సవరించే పద్ధతి వచ్చింది. అంతకుముందు మే 1న దీనిని అయిదు పట్టణాలలో ప్రయోగించి చూశారు. వాటిలో పుదుచ్చేరి, విశాఖపట్నం ఉన్నాయి. ధర రోజూ మారవచ్చునన్న మాటే గాని, 2022 ఏప్రిల్ నుంచి 2024 మార్చిదాకా కంపెనీలు తమ ధరను దాదాపు కదపలేదు. 2024 మార్చి 15న లీటరుకు 2 రూపాయలు తగ్గించాయి. షేరు ఆటోలో అంత చిన్న తగ్గింపును లెక్కపెట్టే నాణెం లేదు.