పొరుగువాని విశ్వాసం - మన సాక్ష్యం

బడిలో ఇతర మతాల గురించి చెబితే మన పిల్లల విశ్వాసం సడలిపోదా? విశ్వాసులైన తల్లిదండ్రులు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది.

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. అయితే మతాల గురించి తెలియజెప్పడం మతబోధ కాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నమ్మమనడం వేరు, తెలుసుకోమనడం వేరు.

భోగాపురం పిల్లలకు ఈ పాఠం దూరంలో లేదు. మన విజయనగరం జిల్లా రామతీర్థం కొండలపై బౌద్ధ, జైన అవశేషాలున్నాయి. అక్కడే రామాలయమూ ఉంది. వీటిని కట్టినవారు ఏం నమ్మారని పిల్లవాడు అడిగితే నిజమైన జవాబు దొరకాలి, ఎగతాళి కాదు.

అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో అరేయొపగు సభ ఎదుట నిలిచేముందు ఆ పట్టణమంతా చూశాడు. బలిపీఠంపై రాసినది చదివాడు. వారి కవుల మాటలూ అతనికి తెలుసు (అపొ. కార్య. 17). ఆ తెలివి అతని విశ్వాసాన్ని తగ్గించలేదు. అతని సాక్ష్యానికి దారి చేసింది.

పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం కూడదన్నది దేవుని ఆజ్ఞ. అతని విశ్వాసాన్ని వక్రీకరించి చెప్పడమూ అబద్ధసాక్ష్యమే కదా! క్రీస్తును పిల్లలకు పరిచయం చేసే బాధ్యత ఇంటిది, సంఘానిది. దాన్ని మనం నమ్మకంగా నెరవేరిస్తే బడిపాఠానికి భయపడనక్కరలేదు.