కరోనాలో ఊపిరి ఆడనిది ఎందుకు? స్టెరాయిడ్ సూది ఎప్పుడు?



2020 మార్చిలో కరీంనగర్ పట్టణంలో కరోనా బయటపడి, వైద్య సిబ్బంది ఇంటింటా తిరిగి పరీక్షించిన సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది. తర్వాత ఆ జబ్బు మన పల్లెలకూ పాకింది. కొందరికి అది పడిశంలా వచ్చి పోయింది. మరికొందరికి వారం దాటాక ఊపిరి ఆడలేదు. ఈ తేడాకు ఒక ముఖ్య కారణం మన శరీరంలోనే ఉంది.

పొదుగువాపు పాడి రైతుకు కొత్త కాదు. సూక్ష్మజీవులు పొదుగులో చేరగానే అక్కడి కణాలు కబురు మోసే మాంసకృత్తులను విడుదల చేస్తాయి. వీటినే సైటోకైన్లు అంటారు. ఆ కబురు అందుకొని రక్తంలోని తెల్లకణాలు పొదుగుకు చేరతాయి. పొదుగు వేడెక్కి వాచడం ఈ పోరాటపు గుర్తే. పోరాటం మితిమీరితే పాలిచ్చే కణాలే దెబ్బతిని, ఆ భాగం పాలకు పనికిరాకుండా పోతుంది.

మనిషి ఊపిరితిత్తులలోనూ ఇంచుమించు ఇదే జరుగుతుంది. వైరస్ చేరగానే ఇంటర్‌ఫెరాన్ అనే మాంసకృత్తి పొరుగు కణాలను హెచ్చరిస్తుంది. దీనిని 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. హెచ్చరిక వేళకు అందితే వైరస్ అణగిపోతుంది. ఆలస్యమైతే వైరస్ పెరిగి, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లు రక్తంలో అధికమవుతాయి. సన్నని రక్తనాళాల నుండి నీరు ఊరి గాలి తిత్తులలో నిండుతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది.

ఈ వాపును తగ్గించే మందు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. 2020 జూన్‌లో బ్రిటన్‌లో వెలువడిన రికవరీ పరిశోధన ఫలితాల ప్రకారం, శ్వాస యంత్రంపై ఉన్నవారిలో మరణాలు సుమారు మూడోవంతు, ప్రాణవాయువు పెట్టినవారిలో ఐదోవంతు తగ్గాయి. ప్రాణవాయువు అవసరం లేనివారికి మాత్రం మేలు కలగలేదు. తొలి రోజులలో శరీరానికి ఆ పోరాటం కావాలి; ఈ మందు దానినే అణచివేస్తుంది.

2021 వేసవిలో చాలామంది డాక్టరును అడగకుండా మొదటి రోజు నుండే స్టెరాయిడ్లు వాడారు. వీటివల్ల రక్తంలో చక్కెర పెరుగుతుంది. ముఖ్యంగా మధుమేహం ఉన్నవారికి బ్లాక్ ఫంగస్ సోకడానికి ఇదీ ఒక కారణమైంది. ఆ మే నెలలోనే తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది.

ఇదే మందును కీటోసిస్ వచ్చిన పశువుకు పశువైద్యులు ఇస్తారు. నెలలు నిండుతున్న చూడి పశువుకు ఇస్తే అది ఈసుకుపోయే ప్రమాదముంది. మంచి మందైనా వేళ తప్పితే కీడే.

కనుక సభ్యులకు మా మనవి:

1. జ్వరం, దగ్గు వచ్చిన వెంటనే స్టెరాయిడ్ సూదులు, మాత్రలు అడగవద్దు.
2. డాక్టరు రాసిన స్టెరాయిడ్‌ను మధ్యలో మీ అంతట మీరు మానవద్దు.
3. ఆయాసం వచ్చినా, వేలికి పెట్టే పరికరంలో ప్రాణవాయువు 94 కంటే తగ్గినా వెంటనే ఆస్పత్రికి చేరండి. ఆదిలాబాద్ అడవి గ్రామాలవారు దూరం దృష్టిలో ఉంచుకొని ముందుగానే బయలుదేరాలి.

సంఘ కార్యదర్శులు దీనిని పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.