సారా దీపంతో జాగ్రత్త
మంట కంటికి ఆనదు... ఆవిరి అసలే కనిపించదు

హైస్కూలు సైన్సు గది అనగానే పల్లెల్లో తల్లిదండ్రులకు గుర్తొచ్చేది యాసిడ్. ‘ఆ సీసాల జోలికి పోకురా’ అని పిల్లలకు చెప్పి పంపుతారు. చెప్పవలసిన మాటే. కాని ఆ గదిలో యాసిడ్ కన్నా తరచుగా పిల్లల చేతికి వచ్చే ప్రమాదకరమైన పదార్థం మరొకటి ఉంది. అది స్పిరిట్. దాని గురించి ఎవరూ పెద్దగా భయపడరు. దవాఖానాలో సూదివేసే ముందు చేతికి రాసేది అదే కదా అనుకుంటారు.

పట్నాల్లోని కాలేజీల్లో గ్యాసు బర్నర్లు ఉంటాయి. పల్లెటూరి హైస్కూళ్లలో పరీక్షనాళిక వేడి చేయాలంటే చాలాచోట్ల స్పిరిట్ దీపమే ఆధారం. పాత తెలుగు పుస్తకాల్లో దీన్నే సారా దీపం అనేవారు. ఆ పేరే దాని సంగతి చెబుతుంది. స్పిరిట్ అంటే ఎక్కువ భాగం ఇథైల్ ఆల్కహాల్. చక్కెర ఫ్యాక్టరీల్లో మిగిలే మొలాసిస్‌ను పులియబెట్టి తీస్తారు. జనం తాగకుండా అందులో మిథైల్ ఆల్కహాల్ వంటివి కలుపుతారు. ఈ మిథైల్ ఆల్కహాల్ కొద్దిగా కడుపులోకి వెళ్లినా కళ్లు పోతాయి, మోతాదు మించితే ప్రాణమే పోతుంది. కనుక మంట ఒక ప్రమాదమైతే, తాగడం రెండోది. 2020 జూలై చివరలో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

అయితే ఇక్కడ చెప్పదలచుకున్నది మంట సంగతి.

మండేది ద్రవం కాదు

స్పిరిట్ మండుతుంది అంటాం. నిజానికి మండేది స్పిరిట్ మీద నుంచి లేచే ఆవిరి. ఈ తేడా తెలిస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి.

ఏ నూనెకైనా, ద్రవానికైనా ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. అంతకన్నా చల్లగా ఉంటే నిప్పు చూపినా అంటుకునేంత ఆవిరి దాని మీద ఉండదు. కిరోసిన్‌కు అది 35 డిగ్రీల సెంటీగ్రేడ్ పైన ఉంటుంది. అందుకే మామూలు రోజుల్లో కిరోసిన్‌లో అగ్గిపుల్ల పడినా ఆరిపోవచ్చు. ఇథైల్ ఆల్కహాల్‌కు అది 13 డిగ్రీల దగ్గరే ఉంది. మన ఊళ్లలో చలికాలంలో తెల్లవారుజామున తప్ప అంత చల్లదనం ఎప్పుడుంటుంది? అంటే బడి నడిచే వేళల్లో దాదాపు ఏడాది పొడుగునా మూత తీసిన స్పిరిట్ సీసా అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్లే. కిరోసిన్ లాంతరుతో పెరిగిన అలవాట్లు స్పిరిట్ దగ్గర పనికిరానిది ఇందుకే.

ఈ ఆవిరి గాలి కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. బల్ల మీద స్పిరిట్ ఒలికితే ఆవిరి పైకి పోదు. బల్ల అంచు దిగి నేల మీద పాకుతుంది. నాలుగు అడుగుల అవతల వెలుగుతున్న మరో దీపం దగ్గరకు చేరితే అక్కడ అంటుకుని, వచ్చిన దారినే మంట వెనక్కి వస్తుంది. ‘నేను దీపం దగ్గర పోయలేదు సార్’ అని కుర్రవాడు చెప్పేది నిజమే అయి ఉండవచ్చు.

మందుల ఫ్యాక్టరీల్లో వాడే సాల్వెంట్లదీ ఇదే స్వభావం. కొన్ని ఇంతకన్నా చాలా తొందరగా అంటుకుంటాయి. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో సాల్వెంట్ కారి, దాని ఆవిరి మంటందుకుని పేలడంతో 17 మంది మరణించారు. సైన్సు గదిలో నేర్చుకున్న జాగ్రత్త రేపు ఆ పిల్లలు ఉద్యోగానికి వెళ్లిన చోటా పనికొస్తుంది.

సీసాలో ఖాళీ చోటే ప్రమాదం

నిండు సీసాను చూసి భయపడతాం, అడుగంటిన సీసాను చూసి ధైర్యపడతాం. స్పిరిట్ విషయంలో ఇది తారుమారు.

గాలిలో నూటికి మూడు పాళ్ల నుంచి 19 పాళ్ల వరకు ఇథైల్ ఆల్కహాల్ ఆవిరి కలిస్తే అది మండే మిశ్రమం. తక్కువైతే మండదు, ఎక్కువైనా మండదు. మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకు లోపల మామూలుగా ఆవిరి మరీ చిక్కగా ఉండి, మండడానికి చాలినంత గాలి ఉండదు. స్పిరిట్ సీసాలో అలా కాదు. 30 డిగ్రీల వేడిలో దాని పైనున్న ఖాళీ చోటులో ఆవిరి నూటికి పది పాళ్ల దాకా ఉంటుంది. సరిగ్గా మండే పాలు. సగం ఖాళీ అయిన సీసాలోకి చిన్న మంట దూరినా లోపలి ఆవిరి భగ్గుమని, మిగిలిన స్పిరిట్‌ను మూతిలోంచి పిచికారీలా బయటకు తోస్తుంది. మండుతూ తోస్తుంది.

ఇది పుస్తకాల్లో ఊహించి రాసింది కాదు. అమెరికాలోని డెన్వర్ నగరంలో 2014 సెప్టెంబరు 15న ఒక హైస్కూలు తరగతిలో మిథైల్ ఆల్కహాల్‌తో ప్రయోగం చూపుతున్నారు. మంట ఆరినట్లు కనిపించడంతో నాలుగు లీటర్ల సీసాలోంచి మరికొంత పోశారు. మంట సీసాలోకి పోయింది. లోపలి నుంచి ఎగదన్నిన నిప్పుధార దాదాపు 12 అడుగుల దూరంలో ఉన్న విద్యార్థి ఛాతీకి తగిలింది. అదే నెల 3న రీనో నగరంలో పిల్లలకు సైన్సు చూపే మ్యూజియంలోనూ ఇటువంటి ప్రమాదమే జరిగి 13 మంది గాయపడ్డారు. అన్ని వసతులూ ఉన్న దేశంలోనే పన్నెండు రోజుల తేడాలో రెండుసార్లు జరిగింది.

అక్కడ ‘ఆరినట్లు కనిపించడం’ అన్న మాటను గమనించాలి. మిథైల్ ఆల్కహాల్ మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. ఇథైల్ ఆల్కహాల్ మంట లేత నీలం. కిటికీలోంచి ఎండ పడే బల్ల మీద అదీ ఆనదు. దీపం కొండెక్కిందనుకుని సీసా తెచ్చి పోసేది అలాంటప్పుడే.

దీపంతో పని

కనుక మొదటి కట్టుబాటు ఇది: వెలిగే దీపంలోగాని, అప్పుడే ఆరిన వేడి దీపంలోగాని స్పిరిట్ పోయరాదు. దీపం పూర్తిగా చల్లారాక, వేరే దీపాలేవీ వెలగని చోట, గరాటు పెట్టి పోయాలి. మూడింట రెండు వంతులకు మించకూడదు. అలాగని అడుగంటేదాకా వెలిగించనూ కూడదు. కారణం పైన చెప్పిన ఖాళీ చోటే. నింపాక పెద్ద సీసాకు మూత బిగించి గది అవతల పెట్టాకే అగ్గిపుల్ల తీయాలి.

ఒక దీపాన్ని వంచి మరో దీపం వెలిగించడం పిల్లలకు సరదా. వంచితే ఒలుకుతుంది. అగ్గిపుల్లతోనే వెలిగించాలి. నోటితో ఊది ఆర్పితే మంట ఒత్తి సందులోంచి లోపలికి పోవచ్చు. టోపీలాంటి మూత పెట్టి ఆర్పాలి. ఆ మూతలు మొదటి ఏడాదే పోతాయి, మళ్లీ ఎవరూ కొనరు! కొన్నిచోట్ల సిరాబుడ్డి మూతకు బెజ్జం పెట్టి, గుడ్డపీలిక దూర్చి దీపాలు తయారు చేస్తారు. పొదుపు మంచిదే గాని, ఒత్తి వదులుగా ఉంటే మంటకూ ఆవిరికీ మధ్య అడ్డు లేనట్లే.

ఆడపిల్లలు చున్నీ వెనక్కి ముడివేసుకోవాలి, జడ ముందుకు పడకుండా చూసుకోవాలి. పాలియెస్టర్ బట్ట అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ప్రయోగాల రోజున నూలు బట్టలే మేలు.

బల్ల మీద కొద్దిగా ఒలికి అంటుకుంటే తడి గోనెసంచి కప్పితే చాలు. స్పిరిట్ నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి, కిరోసిన్ మంటలా కాకుండా, ధారాళంగా నీళ్లు పోసినా పలచబడి ఆరుతుంది. అరచెంబుడు పోస్తే మాత్రం మంట పారుతుంది. బకెట్టు ఇసుక, బకెట్టు నీళ్లు, ఒక గోనెసంచి. వీటికి నిధులు మంజూరు కానక్కరలేదు.

బట్టలంటుకుంటే పరిగెత్తనీయకూడదు. నేల మీద పడుకోబెట్టి దొర్లించాలి, దుప్పటి కప్పాలి. కాలిన చోట ఇరవై నిమిషాలపాటు చల్లటి మంచినీళ్లు ధారగా పోయాలి. సిరా, పేస్టు, కోడిగుడ్డు సొన, పసుపు ఏవీ రాయకూడదు. అతుక్కున్న బట్టను లాగకూడదు. ఈలోగా ఒకరు 108కి ఫోను చేయాలి.

బీరువాలో ఏ పక్కన ఏముంది?

చాలా బడుల్లో ఒకటే బీరువా. స్పిరిట్, నత్రికామ్లం, పొటాషియం పర్మాంగనేటు అన్నీ ఒకే అరలో. చివరి రెండూ మంటను పెంచే పదార్థాలు. గాఢ నత్రికామ్లం స్పిరిట్‌తో కలిస్తే అగ్గిపుల్ల కూడా అక్కరలేదు. సీసాలు పగిలినా కలవనంత దూరంలో, వేరే అరలో, ఎండ తగలని చోట స్పిరిట్ ఉంచాలి. కూల్‌డ్రింకు సీసాల్లో ఎన్నడూ పోయరాదు. పాఠశాల కమిటీలో ఉన్న తల్లిదండ్రులు సమావేశానికి వెళ్లినప్పుడు ఆ బీరువా ఒకసారి తెరిపించి చూడవచ్చు. అడిగితే మాస్టారు తప్పుపట్టరు.

ఇక స్పిరిట్ అయిపోయిన డబ్బా. గట్టిగా ఉంది కదా అని ఎవరో ఇంటికి తీసుకుపోతారు. పైరేకు కోసి ధాన్యం పోసుకుందామని వెల్డింగు షాపులో ఇస్తారు. అడుగున మిగిలిన నాలుగు చుక్కల ఆవిరి చాలు, నిప్పురవ్వ పడగానే డబ్బా బాంబులా పేలుతుంది. సాల్వెంట్లు వచ్చిన పాత ఇనుప డ్రమ్ములదీ అదే తీరు, పైగా వాటిలో విషాలు కూడా ఉండవచ్చు. స్పిరిట్ డబ్బాను మూడుసార్లు నీళ్లు నింపి పారబోసి, మళ్లెవరూ వాడకుండా చేత్తో అణగదొక్కి పాత సామాన్లకు వేయాలి. డ్రమ్ములను మాత్రం కొననే కూడదు.